నాలుగు కిలోమీటర్లకోసారి ఆగిపోయే మోటార్ సైకిలు

మా మామయ్య దగ్గర ఒక పాత యెజ్డీ మోటార్ సైకిలు వుంది. గేరు వేసే కడ్డీనే లోపలికి నొక్కి పైకి తిప్పితే అదే కిక్కు కొట్టే కడ్డీ అయిపోతుంది. రెండు పక్కలా రెండు సైలెన్సర్లు. అది వీధి చివర వుండగానే ఎవరొస్తున్నారో ఇంట్లోవాళ్లకి తెలిసిపోతుంది. మీ ఊళ్లో కూడా ఏ తాతగారి ఇంటి వసారాలోనో ఇలాంటి బండి వుండే వుంటుంది. జావా కంపెనీ 1929లో ప్రాగ్ నగరంలో మొదలయింది. 1960 దశకం మొదట్లో ఆ బళ్లను మన మైసూరులో తయారు చేయసాగారు. తర్వాత వాటికే యెజ్డీ అన్న పేరు వచ్చింది. మైసూరు ఫ్యాక్టరీ 1996లో మూతపడింది. అంటే మామయ్య బండి మీకంటే వయసులో చాలా పెద్దది. (2022లో యెజ్డీ పేరుతో కొత్త బళ్లు వచ్చాయి. వాటిలో పెట్రోలును పంపు నెడుతుంది. మనం చెప్పుకోబోయే జబ్బు వాటికి ఇలా రాదు.)

ఒక ఎండాకాలం ఉదయం మామయ్యా నేనూ గుంటూరు నుంచి తెనాలి బయలుదేరాం. పాతిక కిలోమీటర్ల దారి. నాలుగు కిలోమీటర్లు వెళ్లేసరికి ఇంజను దగ్గినట్టు రెండుసార్లు గుటకలు మింగి ఆగిపోయింది. మామయ్య ట్యాంకు మూత తెరిచి చూశాడు. సగానికి పైగా పెట్రోలు వుంది. మూత పెట్టి కిక్కు కొడితే వెంటనే స్టార్టయింది! "ఎండకి వేడెక్కింది, చల్లారింది" అన్నాడు. మళ్లీ నాలుగు కిలోమీటర్లకు ఆగింది. మళ్లీ మూత తెరవడం, చూడడం, స్టార్టవడం. నాలుగోసారి మాత్రం ఉత్తినే ఆగలేదు. ఇంజనులోంచి కీచుమని చప్పుడు వచ్చింది, వెనక చక్రం బిగుసుకుపోయి బండి జర్రున జారింది. మామయ్య చటుక్కున క్లచ్ నొక్కాడు. చక్రం వదులయింది, మేము పడలేదు. మా వెనక ఆ సమయంలో లారీ ఏదీ రాలేదు, అంతే మా అదృష్టం.

పెట్రోలు అందకపోతే బండి ఆగుతుంది, సరే. చక్రం బిగుసుకోవడమెందుకు? దీనికి జవాబు తర్వాత చెప్పుకుందాం. ముందు పెట్రోలు నడిచే దారి చూద్దాం.

ఈ పాత బళ్లలో పెట్రోలుకు పంపు లేదు. ట్యాంకు పైన వుంది, ఇంజను కింద వుంది. నీరు పల్లమెరిగినట్టే పెట్రోలూ గురుత్వాకర్షణ వల్ల కిందికి దిగుతుంది. ట్యాంకు అడుగున పెట్రోల్ కాక్ వుంటుంది, అంటే ఒక కుళాయి. దాని నోటి దగ్గర సన్నని జల్లెడ. అక్కడినుంచి వేలెడు లావు కూడా లేని గొట్టం కార్బ్యురేటర్‌కు వెళ్తుంది. కార్బ్యురేటర్‌లో మొదట వచ్చేది ఒక చిన్న గిన్నె. మీ ఇంటి మీది నీళ్ల ట్యాంకులో తేలే బంతి చూశారా? నీళ్లు నిండగానే అది పైకి లేచి కుళాయిని మూసేస్తుంది. ఈ గిన్నెలోనూ అలాంటిదే ఒక తేలే బుడ్డి వుంది. దాన్ని ఫ్లోట్ అంటారు. పెట్రోలు తగ్గితే ఫ్లోటు దిగుతుంది, సూదివంటి చిన్న కవాటం తెరుచుకుంటుంది. నిండితే లేస్తుంది, కవాటం మూసుకుంటుంది. ఎప్పుడో ఆర్కిమెడీస్ చెప్పిన సూత్రం ఇక్కడ క్షణం తీరిక లేకుండా పనిచేస్తోంది.

గిన్నెలోని పెట్రోలు గాలిలో ఎలా కలుస్తుంది? దోమల మందు కొట్టే ఫ్లిట్ పంపు మీ ఇంట్లో లేకపోతే తాతగారినడగండి. గాలి ఇరుకు దారిలోంచి వేగంగా పోయినప్పుడు అక్కడ పీడనం తగ్గుతుంది. అప్పుడు కింద డబ్బాలోని మందును బయటి గాలి పీడనం పైకి నెడుతుంది, అది తుంపరలుగా చిమ్ముతుంది. కార్బ్యురేటర్ గొంతులో జరిగేదీ ఇదే. పెట్రోలు వచ్చే సన్నని రంధ్రాన్ని జెట్ అంటారు. ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా మండడానికి దాదాపు 15 గ్రాముల గాలి కావాలి. బరువులో చెబితే ఇదేమంత అనిపించదు. ఘనపరిమాణంలో లెక్క వేసి చూడండి: ఒక్క లీటరు పెట్రోలుకు దాదాపు 9,000 లీటర్ల గాలి! మనం పెట్రోలు కొంటున్నాం గాని, బండి తాగేది ఎక్కువగా గాలినే.

ఇక రోగం సంగతి. తెనాలిలో బండిని ముందుగా చూపించిన చోట కాయిల్ పోయిందన్నారు. ప్లగ్గు మార్చారు. డబ్బు తీసుకున్నారు. తిరుగు ప్రయాణంలో బండి ఊరు దాటకముందే ఆగింది. ఈసారి ఎవరో ఒక ముసలి మెకానిక్కు గురించి చెబితే తోసుకుంటూ వెళ్లాం.

ఆయన స్పానరు ముట్టుకోలేదు. ముందు మాటలతోనే వైద్యం మొదలుపెట్టాడు.

"ఏమండీ, ఆగేటప్పుడు స్విచ్చి కట్టేసినట్టు టక్కున ఆగిందా? నీరసపడి, దగ్గి ఆగిందా?"

"దగ్గి దగ్గి ఆగిందండీ."

ఈ ప్రశ్న ఎందుకడిగాడో ఆలోచించండి. ప్లగ్గులో నిప్పురవ్వ రాకపోతే ఇంజనుకు మంట వుండదు. దీపం ఆర్పినట్టు ఒక్కసారిగా ఆగుతుంది. పెట్రోలు అందకపోతే అలా కాదు. గిన్నెలో వున్నది కాస్తా అడుగంటేదాకా నడుస్తుంది, గాలి పాలు ఎక్కువవుతుంది, ఒక మంట అంటుకుని ఒక మంట అంటుకోక దగ్గుతుంది. ఈ ఒక్క ప్రశ్నతోనే సగం బండి మీద అనుమానం తీరిపోయింది. ఖాయం చేసుకోవడానికి ఆయన, ఆగిన బండి నుంచి ప్లగ్గు విప్పి చూశాడు. దాని మొన పొడిగా, తెల్లగా వుంది. పెట్రోలు వచ్చి నిప్పు లేకపోతే ప్లగ్గు తడిసి వుండేది. పెట్రోలు మరీ ఎక్కువైతే మసిబారి వుండేది. ఆరోగ్యంగా వున్న ఇంజనులో ప్లగ్గు లేత గోధుమరంగులో వుంటుంది. డాక్టరు నాలుక చూసినట్టన్నమాట.

తర్వాత గొట్టాన్ని కార్బ్యురేటర్ దగ్గర ఊడదీసి దాని చివర ఒక సీసా పెట్టాడు. మామయ్య అలవాటు ప్రకారం ట్యాంకు మూత తెరిచి తొంగిచూశాడు. కాక్ తిప్పగానే పెట్రోలు ధారగా కారింది. ఒక్క నిమిషానికి పావు లీటరు సీసా నిండింది.

ఇది చాలినంతేనా? లెక్క మనమే వేసుకోవచ్చు. ఈ బండి లీటరుకు 30 కిలోమీటర్లు ఇస్తుందనుకుందాం. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్తే గంటకు 2 లీటర్లు, అంటే నిమిషానికి దాదాపు 33 మిల్లీలీటర్లు కావాలి. సీసాలోకి వచ్చింది 250. అవసరానికి ఏడు రెట్లు! "ఇంకేం, ట్యాంకులో దోషం లేదు. కార్బ్యురేటర్ విప్పండి" అన్నాడు మామయ్య.

ఆ మాట తప్పు. ఎందుకు తప్పో ఇక్కడే ఒక్క నిమిషం ఆగి, కింది పేరా చదవకుండా చెప్పగలరేమో చూడండి.

మెకానిక్కు నవ్వి, "దారిలో మీరు మూత తీసి బండి నడుపుతారా?" అన్నాడు. మూత గట్టిగా బిగించి మళ్లీ సీసా పెట్టాడు. మొదట ధార బాగానే వచ్చింది. కాసేపటికి సన్నబడింది. దారమంత అయింది. చుక్కలయింది. ఆగిపోయింది. ట్యాంకులో బోలెడు పెట్రోలు వుంది, కాక్ తెరిచే వుంది, గొట్టంలో అడ్డు లేదు. అయినా చుక్క రాలడంలేదు. సీసాలో చేరింది సుమారు 150 మిల్లీలీటర్లు. ఆయన మూత తిప్పాడు. ఉస్‌మని చప్పుడయింది, వెంటనే ధార మొదలయింది.

"ఈ చప్పుడు దారిలో వినలేదా?"

వినకేం, ప్రతిసారీ విన్నాం! పట్టించుకోలేదు. మామయ్య పెట్రోలు వుందో లేదో చూడడానికని మూత తెరిచిన ప్రతిసారీ రోగం నయమైపోయేది. పరీక్షే వైద్యమయింది. అందువల్లనే రోగం కనబడకుండా దాక్కుంది.

నూనె డబ్బా నుంచి నూనె వంచేటప్పుడు మీ అమ్మ డబ్బా పైన రెండు చిల్లులు చేస్తుంది గదా. ఒకటి నూనె రావడానికి, రెండోది గాలి పోవడానికి. ఆసుపత్రిలో సెలైను గాజు సీసాతో ఎక్కించే రోజుల్లో దానికి ఒక సూది విడిగా గుచ్చేవారు, గాలి కోసం. ఇప్పటి మెత్తని ప్లాస్టిక్ సంచి తనంతట తానే ముడుచుకుపోతుంది కాబట్టి దానికి ఆ సూది అక్కరలేదు. రేకు ట్యాంకు ముడుచుకోలేదు. అందుకే మోటార్ సైకిలు ట్యాంకు మూతకు సన్నని రంధ్రం వుంటుంది. పెట్రోలు ఎంత దిగితే అంత గాలి లోపలికి పోవాలి. ఆ రంధ్రం మూసుకుపోతే లోపల గాలి పలచబడుతుంది, పీడనం తగ్గుతుంది. బయటి గాలి మాత్రం గొట్టం చివర నుంచి పూర్తి పీడనంతో పైకి నెడుతూనే వుంటుంది. ఒక స్థాయిలో ఆ తోపుడూ, పెట్రోలు బరువూ సరిసమానమవుతాయి. అంతటితో కదలిక ఆగుతుంది.

ఎంత పెట్రోలు దిగాక ఆగుతుంది? ఇది కూడా లెక్కకు అందేదే. ట్యాంకులో పెట్రోలు మట్టం కార్బ్యురేటర్‌కంటే 30 సెంటీమీటర్లు ఎత్తున వుందనుకుందాం. పెట్రోలు నీటికంటే తేలిక, సాంద్రత సుమారు 0.74. కాబట్టి ఇది 22 సెంటీమీటర్ల నీటి ఎత్తుతో సమానం. మన చుట్టూ వున్న వాతావరణ పీడనం సుమారు 1,033 సెంటీమీటర్ల నీటి ఎత్తుతో సమానం. 22ను 1,033తో పోలిస్తే దాదాపు 47వ వంతు. అంటే ట్యాంకులోని గాలి పీడనం కేవలం 47వ వంతు తగ్గితే చాలు, పెట్రోలు ఆగిపోతుంది! బాయిల్ సూత్రం గుర్తుందా? పీడనం అంత తగ్గాలంటే గాలి ఘనపరిమాణం కూడా దాదాపు 47వ వంతు పెరగాలి. ట్యాంకులో పెట్రోలు పైన 6 లీటర్ల గాలి వుందనుకోండి. 6,000ను 47తో భాగిస్తే సుమారు 128 మిల్లీలీటర్లు.

సీసాలో 150 చేరాయి గదా, మన లెక్క 128 చెబుతోంది. మిగతా 22 ఎక్కడివి? మనం అనుకున్న 6 లీటర్లూ 30 సెంటీమీటర్లూ ఉజ్జాయింపులే అన్నది ఒకటి. రెండోది, ట్యాంకులో ఉత్త గాలే లేదు, పెట్రోలు ఆవిరి కూడా వుంది. పీడనం తగ్గినకొద్దీ మరికొంత పెట్రోలు ఆవిరై ఆ లోటును కొంత పూడుస్తుంది. లెక్కకూ బండికీ ఆ మాత్రం తేడా వుండడం సహజం. 150 మిల్లీలీటర్లతో లీటరుకు 30 చొప్పున నాలుగున్నర కిలోమీటర్లు. మేము ఆగింది నాలుగు కిలోమీటర్లకోసారి!

ఇందులోనే ఒక విడ్డూరం దాగి వుంది. తెనాలిలో మామయ్య "పెట్రోలు తక్కువై ఆగుతోందేమో" అని బంకులో ట్యాంకు అంచులదాకా నింపించివుంటే రోగం ఇంకా ముదిరేది.  నిండు ట్యాంకులో పైన ఒక్క లీటరు గాలే వుంటే, 1,000ని 47తో భాగించండి: 21 మిల్లీలీటర్లు. కిలోమీటరు కూడా రాదు. పెట్రోలు ఎంత ఎక్కువ వుంటే బండి అంత తొందరగా ఆగుతుంది! ఇలాంటి వింత లక్షణం కనబడితే మూత మీదే అనుమానం పెట్టుకోవాలి. ఆగిన బండి పది నిమిషాలకు తనంతట తానే స్టార్టవడం కూడా ఇందుకే. వాషరు సందుల్లోంచి కాస్త కాస్తగా గాలి చొరబడుతుంది. ఇంజను చల్లారడం వల్ల కాదు.

మరి రంధ్రం ఎలా మూసుకుపోయింది? కొన్నాళ్ల క్రితం మూత దగ్గర పెట్రోలు చిందుతోందని పాత సైకిలు ట్యూబు కత్తిరించి ఎవరో వాషరు వేశారు. ఆ రబ్బరు పెట్రోలు తాగి ఉబ్బి, లోపలి వైపునుంచి రంధ్రాన్ని కప్పేసింది. కత్తిరించింది ఎవరో మామయ్య చెప్పలేదు. నాకు తెలుసు, ఆయనే.

ఇప్పుడు చక్రం బిగుసుకున్న సంగతి. కారుకో, బుల్లెట్టుకో ఇంజను ఆయిలు వేరే చోట వుంటుంది. పాత యెజ్డీ టూ స్ట్రోక్ బండి. దానికి పిస్టను దగ్గర రాపిడి తగ్గించే ఆయిలును పెట్రోలులోనే కలుపుతారు, లీటరుకు 40, 50 మిల్లీలీటర్ల చొప్పున. అంటే పెట్రోలు అందకపోతే ఆయిలు కూడా అందదు. పైగా పెట్రోలు చాలనప్పుడు ఇంజను మామూలుకంటే ఎక్కువ వేడెక్కుతుంది. పిస్టను అల్యూమినియం, సిలిండరు లోపలి గోడ ఇనుము. ఒకే వేడికి అల్యూమినియం ఇనుముకు దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది. లావెక్కిన పిస్టను ఎండిపోయిన గోడను పట్టేస్తుంది. మెకానిక్కులు దీన్నే "సీజ్ అయింది" అంటారు. ఇంజను బిగిస్తే దానికి చెయిను కట్టిన చక్రమూ బిగుస్తుంది. క్లచ్ నొక్కితే ఇంజనుకూ చక్రానికీ సంబంధం తెగిపోతుంది గనుక చక్రం తిరుగుతుంది. మామయ్య వేళ్లు ఆలస్యం చేసివుంటే నేనీ వ్యాసం రాసేవాణ్ణి కాదేమో. నాలుగు చోట్ల ఆగడమనే చిన్న చికాకు వెనక ఇంత ప్రమాదం వుంది. దగ్గుతున్న టూ స్ట్రోక్ బండిని యాక్సిలరేటరు తిప్పి బలవంతాన లాగించకూడదు.

అన్ని బళ్లకూ మూతే దోషి కాదు. మూత తెరిచినా ధార సన్నగానే వస్తే జల్లెడకు తుప్పు పట్టుకుని వుంటుంది. పాత ట్యాంకులు లోపలినుంచి తుప్పు రాలుస్తాయి. ధార బాగుండి, గిన్నె నిండకపోతే సూది కవాటం అతుక్కుపోయింది. గిన్నె పొర్లిపోతుంటే ఫ్లోటుకు చిల్లి పడి అందులోకి పెట్రోలు చేరిందేమో చూడాలి. ఫ్లోటును చెవి దగ్గర పెట్టి ఊపితే గలగలమంటుంది. నెలల తరబడి కదలని టూ స్ట్రోక్ బండి గిన్నెలో పెట్రోలు ఆవిరైపోయి ఆయిలు, జిగురు మిగిలి జెట్‌ను మూసేస్తాయి. అప్పుడు కొందరు జెట్‌లో తీగ పెట్టి పొడుస్తారు. అది ఇత్తడి, మెత్తన. 0.9 మిల్లీమీటర్ల రంధ్రం 1 మిల్లీమీటరయితే ఏం పోయిందనుకోకండి. వైశాల్యం వ్యాసం వర్గాన్ని బట్టి వుంటుంది కాబట్టి పెట్రోలు దారి 23 శాతం పెద్దదవుతుంది. గాలితో ఊది శుభ్రం చేయాలి తప్ప గీకకూడదు.

ఈ మధ్య మరో సంగతి వచ్చింది. 2025 నాటికి మన బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం ఎథనాల్ కలపడం దేశమంతటా వ్యాపించింది. పాత రబ్బరు గొట్టాలు, వాషర్లు దానికోసం తయారైనవి కావు, అవి ఉబ్బి మెత్తబడవచ్చు. పైగా ఎథనాల్‌కు నీళ్లంటే ప్రీతి. వర్షపు నీరో, తేమో కొంతవరకు కలుపుకుంటుంది. మరీ ఎక్కువైతే నీళ్లూ ఎథనాలూ కలిసి వేరే పొరగా విడిపోయి ట్యాంకు అడుక్కి చేరతాయి. అడుగునే కాక్ వుంది గదా, ముందు దిగేది ఆ పొరే.

పెట్రోలుతో మీరెవరూ ప్రయోగాలు చేయవద్దు. దాని ఆవిరి కంటికి కనబడకుండా నేలబారున పాకుతుంది, ఒక్క నిప్పురవ్వ చాలు. ఇదే ప్రయోగం నీళ్లతో చేయొచ్చు. ఒక గట్టి ప్లాస్టిక్ సీసా అడుగుకు దగ్గరగా పక్కన గుండుసూదితో చిల్లి చేయండి. నీళ్లు నిండా పోసి మూత బిగించండి. రెండు చుక్కలు రాలి ఆగుతుంది. నీళ్లు సగానికి తగ్గించి మళ్లీ మూత బిగించండి. ఈసారి కొంచెం ఎక్కువే కారి ఆగుతుంది. ఎంత కారిందో మందు సీసాతో వచ్చే కొలత మూతతో కొలవండి. పావు వంతు నీళ్లతో మరోసారి చేయండి. సీసా గోడలు కాస్త లోపలికి లొట్టబోతాయి, కనుక మీ కొలత లెక్కకంటే ఎక్కువే వస్తుంది. నీటి మట్టం చిల్లికి ఎన్ని సెంటీమీటర్ల ఎత్తున వుందో స్కేలుతో చూసుకుంటే, 1,033 అంకె మీ దగ్గర ఎలాగూ వుంది.

ముసలి మెకానిక్కు ట్యూబు వాషరు పీకి అవతల పడేసి, పెట్రోలుకు తట్టుకునే వాషరు వేసి, మూత రంధ్రాన్ని సూదితో పొడిచి, నోటితో ఊది చూశాడు. తర్వాత సైలెన్సరు విప్పి, ఆ సందులోంచి పిస్టను మీద టార్చి లైటు వేసి గీతలెంత లోతుగా పడ్డాయో మామయ్యకు చూపించాడు. గీతలు పైపైనే వున్నాయి. "ఇంకోసారి బిగిస్తే బోరు వేయించాల్సిందే" అన్నాడు. ఆ పాతిక కిలోమీటర్లూ ఎక్కడా ఆగకుండా గుంటూరు చేరాం.